పడవకు వేసిన విస్తరి

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో వేలు చప్పరిస్తున్న కాలంలో, ఒక పెద్ద ఏరు ఉండేది. ఆ ఏటి నడుమ ఇసుక మేట వేసి, మట్టి చేరి, గడ్డి మొలిచి, చివరకు మనుషులు కూడా చేరిన ఒక లంక ఉండేది. దాని పేరు గోగులంక.

గోగులంకలో పండని కాయ లేదు. గుమ్మడి, వంగ, బెండ, ఆనప, కంద, ఏ పాదు చూసినా కాపే. ఒడ్డున తుంగ మనిషెత్తు పెరిగేది. మామిడి తోపు ఉండేది. లేనిదల్లా ఒక్కటే, పెద్ద పడవ. ఉన్నవి తాటిదోనెలు. వేసవిలో ఏరు పలచబడ్డప్పుడు ఆ దోనెల మీద అందరూ అవతలి రేవుకు పోయి వచ్చేవారు. ఎర్రనీరు వచ్చిందంటే మాత్రం దోనెలు గట్టెక్కేవి. లంకలో వాళ్ళు లంకలో, లోకంలో వాళ్ళు లోకంలో ఉండిపోయేవారు.

ఆ లంకలో ఒక సంఘం ఉండేది. చేదోడు సంఘం అనేవారు. గాలికి ఎవరి ఇంటి కప్పు లేచిపోయినా సంఘం వాళ్ళు తాటాకు మోసుకుని వెళ్ళేవారు. ఎవరి గేదె బురదలో దిగబడినా తాళ్ళు పట్టుకుని పరుగెత్తేవారు. పిలవలేదని అలిగేవారు కాదు, పిలిచారని బెట్టు చేసేవారు కాదు.

ప్రతి పున్నమి రోజు మధ్యాహ్నం రేవు పక్కన పందిట్లో సంఘం కూడేది. వచ్చేవాళ్ళు ఉట్టి చేతులతో రాకూడదు. తలా ఒక కాయో దుంపో తేవాలి. అన్నీ తరిగి ఒకే గుండిగలో వేసి దప్పళం కాచేవారు. ఒకే వరసలో విస్తళ్ళు వేసుకుని కూర్చునేవారు. ఆసామి ఇంటి గుమ్మడి ముక్క జాలరి విస్తట్లో పడేది, జాలరి తెచ్చిన చేమదుంప అంగడి శెట్టిగారి విస్తట్లో పడేది. ఎవరి ముక్క ఎవరు తిన్నారో ఎవరికీ తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ ఉండేది కాదు.

సంఘానికి పెద్ద సోమరాజు గారు. మంచి మనిషి. మాట మెత్తన, చెయ్యి పెద్దది. పదిమంది సంతోషంగా కనిపిస్తే చాలు, ఆయనకు ఆకలి తీరిపోయేది. ఆయనకు కుడిభుజం గవరయ్య శెట్టి. లంకలో ఉన్న ఒకే ఒక్క అంగడి ఆయనదే. దప్పళానికి ఉప్పూ పులుపూ చూసేది పేరిందేవి. భర్త పోయినా ధైర్యం పోని మనిషి. ఆమెకు మాణిక్యమని ఒక్కతే కూతురు. అవతలి ఒడ్డున ఉన్న ఊళ్ళో ఇచ్చి పెళ్ళి చేసింది.

ఇంకొకడున్నాడు, సరంగు కామన్న. పడవ కట్టడమూ తెలుసు, నడపడమూ తెలుసు. నడపడానికి పడవే లేదు.

ఒక ఏడాది వరదల్లో కామన్న భార్యకు పురిటి నొప్పులు వచ్చాయి. కాన్పు కష్టమైంది. మంత్రసాని ఉన్నది అవతలి ఒడ్డున. లంక మీంచి కొట్టిన డప్పు విని ఆవిడ సంచీ పట్టుకుని వచ్చి ఆ గట్టు మీద నిలబడింది. కామన్న ఈ గట్టు మీద నిలబడ్డాడు. ఒకరికొకరు కనిపిస్తూనే ఉన్నారు. నడుమ ఎర్రటి ఏరు ఉరుకుతూనే ఉంది. పొద్దు వాలేసరికి తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఆ పున్నమికి దప్పళం కాచారు గానీ ఎవరికీ ముద్ద దిగలేదు. కామన్న పందిట్లోకి రానే లేదు. సోమరాజు గారు లేచి నిలబడ్డారు. 

"ఇలాంటి చావు ఈ లంకలో ఇంకోటి జరగకూడదు. వచ్చే వరద నాటికి మనకు తెరచాప పడవ ఉండాలి. ఎవరినీ దేబిరించొద్దు. మనమే పోగుచేద్దాం, మనమే కట్టుకుందాం."

అందరూ గుండిగ అంచు మీద చెయ్యి వేసి సరేనన్నారు.

వడ్డన వేళ పేరిందేవి ఒక పని చేసింది. వరస చివర, మనిషి లేని చోట, ఇంకో విస్తరి వేసింది. నీళ్ళు చల్లి, తుడిచి, ఖాళీగా వదిలేసింది.

"అదెవరికమ్మా?" అన్నారు సోమరాజు గారు.

"పడవకండి. వచ్చాక వడ్డిద్దాం. అప్పటిదాకా ఖాళీగానే ఉంటదండి."

కొందరు నవ్వారు. పేరిందేవి నవ్వలేదు. తరువాత నవ్విన వాళ్ళు కూడా ఆపేశారు.

కార్తీకం దాటాక మాణిక్యం నీళ్ళోసుకుందని కబురు వచ్చింది. తొలిచూలు పురుడు పుట్టింట్లోనే పోయాలి కదా. మాణిక్యం అత్తగారు కాస్త సందేహించింది.

"వదినగారూ, మీది లంక. వరదల రోజుల్లో పురుడు. భయం లేదంటారా?"

"మా సంఘం పడవ కడతందండి," అంది పేరిందేవి. ఆ మాట అంటుంటే ఆమె మెడ తనంతట తనే నిటారుగా నిలబడింది.

ఇక సంఘం నడుం బిగించింది. మొదట తుంగ కోశారు. పొద్దున్నే మంచులో మోకాలి లోతు నీళ్ళలో దిగి కోశారు. ఎండబెట్టారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు చాపలు నేశారు. సోమరాజు గారు కూడా నేశారు. ఆయన నేసిన చాప ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు. దాన్ని కొన్నవాడు నోరు మెదపకుండా కొనుక్కుపోయాడు, పుణ్యాత్ముడు. చాపలన్నీ అమ్ముడుపోయాయి. పడవ కోసం డబ్బు వేసే ముంత, పడవ ముంత అనేవారు దాన్ని, బరువెక్కింది.

అప్పుడు సోమరాజు గారికి ఒక ఆలోచన వచ్చింది.

"చాపల దారమంతా గవరయ్య శెట్టి ఇచ్చాడు. ఒక్క రూక పుచ్చుకోలేదు. ఆయన్ని ఊరికే పంపేస్తే మర్యాదేనా?"

మర్యాద కాదన్నారు అందరూ. పట్నం నుంచి జరీ శాలువా తెప్పించారు. దండ తెప్పించారు. సన్నాయి మేళం పెట్టించారు. పన్నీరు చల్లారు. శెట్టిగారికి శాలువా కప్పుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయన ఆ శాలువా అంచు మీద తన పేరు కుట్టించుకుని పెట్టెలో దాచుకున్నాడు. పడవ ముంత సగం ఖాళీ అయింది. మిగిలిన దానితో కొంత కలప వచ్చింది.

కామన్న ఆ కలప దగ్గర కూర్చుని, "తెరచాపకి గుడ్డ కూడా కావాలండి," అన్నాడు.

"చూద్దాం కామన్నా," అన్నారు సోమరాజు గారు.

పున్నమి వచ్చింది. పేరిందేవి ఖాళీ విస్తరి వేసింది.

రెండోసారి కోలాటం కట్టారు. ఎన్ని లంకలు ఉంటే అన్ని లంకలకూ పోయి ఆడారు. కాళ్ళు బొబ్బలెక్కేదాకా ఆడారు. జనం ధాన్యం ఇచ్చారు, కాసులు ఇచ్చారు, కొబ్బరికాయలు ఇచ్చారు. ముంత నిండింది.

"మరి ఆడినవాళ్ళో?" అన్నాడు గవరయ్య శెట్టి. "నాకు కప్పి వాళ్ళకు కప్పకపోతే నాకు సిగ్గుగా ఉంటదండి. పడవ పని మొదలయ్యాక మన పెద్దాయనకు కూడా ఎవరూ కప్పలేదు."

ఒకసారి కప్పించుకున్నవాడు ఇంకొకరికి కప్పకుండా ఉండలేడు, పిల్లలూ. అందులో ఏదో ఉంది. ఆడినవాళ్ళకు కప్పారు. పాడినవాళ్ళకు కప్పారు. సోమరాజు గారికి అయితే తలా ఒకటి కప్పారు. ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఆయన మొహం కూడా కనిపించలేదు. ఆ ఎండలో ఆయనకు చెమటలు కారాయి, అయినా నవ్వుతూనే ఉన్నారు. కామన్నకు కూడా ఒకటి కప్పబోయారు. కామన్న రెండు చేతులూ జోడించి వెనక్కి జరిగాడు.

"నాకు శాలువా వద్దండి రాజుగారూ. గుడ్డ ఇప్పించండి, తెరచాపకి."

పాపం భార్య పోయిన దగ్గర్నుంచి ఇలా అయిపోయాడని జనం జాలిపడ్డారు. ముంతలో మిగిలిన దానితో ఇంకొంత కలప వచ్చింది. కామన్న పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా చెక్కుతూనే ఉన్నాడు. పడవకు ఒళ్ళు వచ్చింది. పున్నమి వచ్చింది. ఖాళీ విస్తరి వేశారు.

మూడోసారి మామిడి కాపు దిగింది. తాండ్ర పెట్టారు. రసం పిండి, చాపల మీద పొర మీద పొర పోసి, ఎండలో కాపలా కాసి, కాకులతో, చీమలతో యుద్ధాలు చేసి తాండ్ర పెట్టారు. గోగులంక తాండ్ర అంటే అవతలి ఒడ్డున కాచుకుని కొన్నారు. అంతకు ముందెప్పుడూ ముంతలో అంత పడలేదు. ఈసారి గుడ్డ రాకతప్పదనుకున్నాడు కామన్న. పేరిందేవీ అదే అనుకుంది. అప్పటికే మాణిక్యాన్ని పురిటికి తెచ్చుకుంది.

అయితే అప్పటికి లంకలో అలకలు మొదలయ్యాయి. మా ఇంటికి శాలువా రాలేదంటే మా ఇంటికి రాలేదన్నారు. తుంగ కోసినవాళ్ళం మేము కాదా అన్నారు. కాకులను తోలింది మా అవ్వ కాదా అన్నారు. సోమరాజు గారికి ఎవరి మొహం చిన్నబోయినా నిద్రపట్టదు. గడపకొకటి తెప్పించారు.

ఆ పున్నమికి పేరిందేవి ఒక మాట అడగాలని గట్టిగా అనుకుని వచ్చింది. పడవ ముంత ముందు పెట్టి, తెరచాప మాట తేల్చమని అడగాలనుకుంది. ఆమె నోరు తెరిచేలోగా సన్నాయి మోగింది. సోమరాజు గారు చిలకపచ్చ శాలువా ఒకటి తెచ్చి ఆమె భుజాల చుట్టూ కప్పారు.

"ఇన్నేళ్ళుగా మన కడుపు నింపిన తల్లి," అన్నారు ఆయన. అందరూ చప్పట్లు కొట్టారు.

పేరిందేవి జీవితంలో ఆమెకోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె కంట్లో నీళ్ళు తిరిగాయి. గరిటె ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. ఆ శాలువా మెత్తదనం చూసుకుంటూ, అటూ ఇటూ నవ్వుతూ, వడ్డన కానిచ్చింది.

ఇంటికి పోయి శాలువా మడతపెడుతుంటే ఆమెకు గుర్తుకొచ్చింది. ఆ రోజు పడవకు విస్తరి వేయలేదు. లోపల గదిలో మాణిక్యం నడుము పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. పేరిందేవికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే సోమరాజు గారి ఇంటికి వెళ్ళింది.

"రాజుగారండీ, తెరచాప?"

సోమరాజు గారు ముంత తెచ్చి చూపించారు. అడుగున మేకులకూ గుగ్గిలానికీ సరిపడా ఉంది. ఆయన తల ఎత్తలేదు.

"వచ్చే పున్నమికి ఇంకో పని పెడదామమ్మా. వరదకు ఇంకా వ్యవధి ఉంది కదా."

వరద ఎవరి మాటా వినదు. ఆ ఏడు ఆషాఢంలోనే ఎర్రనీరు వచ్చింది. ఒక తెల్లవారి లేచి చూసేసరికి రేవు మెట్లు లేవు, తుంగ లేదు, అవతలి ఒడ్డు జరిగి ఎక్కడికో పోయినట్టుంది. ఆ తెల్లవారే మాణిక్యానికి నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెల ఉందనుకున్న కాన్పు. లంకలో పెద్ద ముత్తైదువలు వచ్చి చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బిడ్డ అడ్డం తిరిగిందే పేరిందేవీ. ఇది మా చేతిలో పని కాదు."

పేరిందేవి ఏడవలేదు. ఏడిస్తే పొద్దు పోతుంది. చీర చెంగు నడుముకు దోపి రేవుకు నడిచింది. కామన్న అక్కడే ఉన్నాడు. పడవ గట్టు మీద ఉంది, మేకులు బిగించి, గుగ్గిలం పట్టించి, నున్నగా. తెరకొయ్య కూడా నిలబెట్టి ఉంది. దానికి కట్టవలసినదే లేదు.

"తెడ్లతో పోలేమా తమ్ముడూ?"

"గడ అందదక్కా, లోతు. తెడ్లు వేస్తే దాటేలోగా ఏరు మనల్ని సముద్రంలో కలిపేత్తది. మజ్జానం సముద్రపు గాలి లేత్తది. అది ఏటికి ఎదురు తోస్తది. తెరచాప ఉంటే ఆ గాలి మనల్ని పట్టుకుని ఆపుద్ది, మనం అడ్డంగా దాటిపోవచ్చు." కామన్న నీళ్ళకేసి చూస్తూ, "గుడ్డ లేదు కదక్కా," అన్నాడు. నెలల తరబడి అంటున్న మాటే అది. ఆ ఉదయం మాత్రం పేరిందేవికి చెవిలో కాదు, ఇంకెక్కడో తగిలింది.

"ఉంది తమ్ముడూ," అంది. "మన లంకలో ఉన్నంత గుడ్డ రాజుల కోటలో ఉండదు."

పరుగున ఇంటికి పోయి చిలకపచ్చ శాలువా తెచ్చింది. పందిట్లో నేల మీద పరిచింది. వల కుట్టే పెద్ద సూది, వలదారం పుచ్చుకుని కూర్చుంది. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ తిట్టలేదు. పాత గోనెపట్టా ఒకటి తీసి దానికి తన శాలువాను కుట్టడం మొదలుపెట్టింది.

దారిన పోయే జాలరి చూశాడు. "ఏంటమ్మా అది?"

"తెరచాప."

ఇంటికి పోయి తన నీలం శాలువా తెచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి కాకులను తోలిన అవ్వ వచ్చింది, కర్ర పట్టుకుని, చంకలో మడతపెట్టిన శాలువాతో. మడత కూడా విప్పలేదు ఆవిడ ఇంతవరకు.

"నేను పోయాక కప్పుతారని దాచుకున్నానే," అంది. "అప్పుడు కప్పుకుంటే నాకేం వెచ్చన."

ఇంక లంకంతా కదిలింది. ఎరుపు, పసుపు, ఊదా, ఏ ఇంట్లో ఏ రంగు ఉంటే ఆ రంగు వచ్చింది. కామన్న ఒక్కొక్కటీ చేత్తో లాగి చూశాడు. ఉన్నివి పక్కన పెట్టాడు. "ఇవి తడిస్తే మోయలేం. బాలింతకి ఉంచండి." పట్టువీ నూలువీ తీసుకుని ఒకదాని మీద ఒకటి రెండు పొరలు వేయించాడు. పదిమంది సూదులు పట్టారు. పదిమంది పక్కన కూర్చుని దారం ఎక్కించారు. పందిరి మీద వాన పడుతూనే ఉంది. అవతల ఇంట్లోంచి మాణిక్యం మూలుగు వినిపించినప్పుడల్లా సూదులు వేగంగా కదిలేవి.

గవరయ్య శెట్టి పందిరి గుంజ దగ్గరే ఆగిపోయాడు. జరీ శాలువా చేతిలో ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు.

"దీని మీద నా పేరు కుట్టించుకున్నాను పేరిందేవమ్మా. ఇదొక్కటీ లేకపోతే తెరచాప ఆగుతుందా?"

"ఆగదు శెట్టిగారూ. కానీ చిన్నదవుద్ది. చిన్న తెరచాపకి చిన్న గాలే దొరుకుద్ది." పేరిందేవి సూది ఆపలేదు. "మీ పేరు పెట్టెలో ఉంటే మీరే చూస్తారు. తెరచాప నడిమధ్యన పెడతాను. రెండు ఒడ్లూ చూస్తాయి."

శెట్టిగారు శాలువా ఆమె ఒళ్ళో పెట్టాడు. పెట్టి, తనూ ఒక సూది అందుకున్నాడు. ఆయనకు కుట్టడం రాదు. ఆయన వేసిన కుట్లను అవ్వ విప్పి మళ్ళీ వేసింది.

చివర వచ్చింది సోమరాజు గారు. వెనుక మోపులు మోసుకుంటూ ఇంట్లో వాళ్ళందరూ వచ్చారు. ఆయన ఇంట్లో చిలక్కొయ్యలన్నీ బోసిపోయాయి. మోపులు దించి, అక్కడ కూర్చున్న వాళ్ళందరి ముందూ చేతులు జోడించారు.

"నేను అందరినీ సంతోషపెట్టాలని చూశాను. మనం ఏ మాట మీద గుండిగ ముట్టుకున్నామో అది మర్చిపోయాను. మాణిక్యానికి ఏమైనా అయితే ఆ పాపం నాది."

"నాది కూడానండి," అంది పేరిందేవి. "కప్పినప్పుడు నేనూ నవ్వాను. ఆ మాటలు తరవాత. ఈ అంచు పట్టుకోండి."

సోమరాజు గారు అంచు పట్టుకున్నారు. అన్నీ ఇచ్చారు గానీ భుజం మీది ఎర్ర అంచు శాలువా మాత్రం ఇవ్వలేదు. అది ఆయన పడుచుతనంలో సంఘం మొట్టమొదట కప్పినది, నిప్పంటుకున్న ఇంట్లోంచి ఒక ముసలాయన్ని మోసుకొచ్చినందుకు. దాని మీదికి ఎవరి చూపూ పోలేదు. ఆయన చెయ్యి మాత్రం రెండు మూడు సార్లు దాని మీదికి పోయింది.

మధ్యాహ్నానికి తాటాకులు గలగలమన్నాయి. సముద్రపు గాలి లేచింది. అప్పటికి తెరచాప పూర్తయింది. దాన్ని చూస్తే దప్పళం గుర్తొచ్చేది. ఏ ముక్క ఎవరిదో చెప్పడం కష్టం.

పడవను నీళ్ళలోకి తోశారు. కామన్న చుక్కాని పట్టాడు. నలుగురు జాలరులు తెడ్లు పట్టారు. తెరచాప తాడు పట్టడానికి ఒక మనిషి కావాలి.

"నేను వస్తాను," అన్నారు సోమరాజు గారు.

"తాడు చెయ్యి కోసేత్తదండి రాజుగారూ."

"కోయనీ."

మొదటి గాలి వచ్చింది. తెరచాప పొంగింది. పడవ గట్టు విడిచింది. రెండో గాలి వచ్చింది. తెరకొయ్య కిర్రుమంది. ఏరు ఇటు లాగుతోంది, గాలి అటు తోస్తోంది, పడవ రెంటి నడుమా అడ్డంగా, మొండిగా ముందుకు పోతోంది. గట్టు మీద నిలబడ్డ పేరిందేవి రెప్ప వేయలేదు. నడి ఏట్లో మూడో గాలి వచ్చింది. అది గాలి కాదు, దెబ్బ. తెరచాప కింది మూల, తాడు కట్టిన చోట, పర్రున చిరిగింది. తాడు ఊడి గాలిలో కొట్టుకుంది. పడవ గిర్రున తిరిగి ఏటి వాలున పడింది.

"మూల కట్టండి," అని అరిచాడు కామన్న. "ఏదో ఒకటి, మూల కట్టండి."

కట్టడానికి పడవలో ఏమీ లేదు. సోమరాజు గారు భుజం మీది ఎర్ర అంచు శాలువా లాగారు. చిరిగిన మూలను దానిలో పోగుచేసి ముడి వేశారు. రెండో కొస తన రెండు మణికట్లకూ చుట్టుకున్నారు. కాళ్ళు పడవ అంచుకు తన్నిపెట్టి వెనక్కి వాలారు. తెరచాప మళ్ళీ పొంగింది. శాలువా చేతుల్లోకి కోసుకుపోయింది. ఆయన పళ్ళు బిగబట్టారు గానీ వదలలేదు. అవతలి రేవు దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. పొద్దున్నే లంక మీంచి కొట్టిన డప్పు విని వచ్చి, గట్టు మీద మంత్రసాని సంచీతో నిలబడి ఉంది. రంగురంగుల తెరచాప చూసి, ఎవరి పెళ్ళి పడవో అనుకుందట ఆవిడ.

తిరుగు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గాలి ఉంది, తెరచాప ఉంది. మూలకు ఈసారి గట్టి తాడు దొరికింది. పొద్దు వాలకముందే మంత్రసాని మాణిక్యం పక్కన కూర్చుంది. కామన్న రేవులోనే కూలబడి రెండు చెవులూ మూసుకున్నాడు. చాలాసేపటికి సోమరాజు గారు అతని చేతులు మెల్లగా పక్కకు తీశారు.

పేరిందేవి ఇంట్లో చంటిబిడ్డ ఏడుస్తోంది. తల్లి నీళ్ళు అడుగుతోంది. ఆడపిల్ల. ఉన్ని శాలువాలో చుట్టి తెచ్చి చూపించారు. కామన్న అప్పుడు ఏడ్చాడు, ఏడాది నుంచి ఏడవనిదంతా.

వరద తీసింది. పున్నమి వచ్చింది. గుండిగలో దప్పళం ఉడికింది. వరస చివర పేరిందేవి విస్తరి వేసింది. నీళ్ళు చల్లి తుడిచింది. ఈసారి ఖాళీగా వదల్లేదు. అన్నం పెట్టింది, దప్పళం పోసింది, నెయ్యి వేసింది. అంతా అయ్యాక, పందిరి బయట నిలబడ్డ కామన్న దగ్గరికి పోయింది. భార్య పోయిన దగ్గర్నుంచి అతను ఆ వరసలో కూర్చోలేదు.

"పడవ తినదు కదా తమ్ముడూ. కట్టినోడు తింటాడు. రా, చల్లారిపోద్ది."

కామన్న వచ్చి కూర్చున్నాడు. మొదటి ముద్ద మెల్లగా కలుపుకున్నాడు. తరువాత దప్పళం అడిగి మరీ పోయించుకున్నాడు. ఎవరో అలవాటు కొద్దీ సోమరాజు గారి చేతి కట్లు చూసి, ఈయనకు ఒక శాలువా కప్పాలి అన్నారు. సోమరాజు గారు ఇంతింత కళ్ళు చేసుకుని చూశారు. పందిరంతా నవ్వు.

నవ్వులు ఆగాక ఆయనే లేచి, ఒక విస్తరి తీసుకుని, వరస చివర కొత్తగా వేశారు. కట్టు కట్టిన చేత్తోనే నీళ్ళు చల్లి తుడిచారు.

"ఇదెవరికండి?" అంది పేరిందేవి.

"పక్క లంకకి. వాళ్ళకూ పడవ లేదు."

తుంగ కోతకు ఎవరెవరు రావాలో అక్కడే, ఆ వరసలోనే మాట్లాడుకున్నారు. నా కథ పడవెక్కింది, మనం రేవులో దిగాం.

మంచి చేసినవారిని మెచ్చుకోవడం మంచిదే, పిల్లలూ. కానీ ఏ పనికోసం పదిమందీ చేతులు కలిపారో ఆ పని గట్టు చేరేదాకా, ఎవరూ తమ భుజాల వంక చూసుకోకూడదు.